పెరటిలో రుచుల గోష్ఠి

కొసరి వడ్డించుట మన తెలుగువారి ఆతిథ్యమునకు ప్రాణము. అతిథి విస్తరిపై చేయి అడ్డుపెట్టినను మరియొక గరిటెడు వడ్డించిగాని మన గృహిణులు ఊరకుండరు. ఈ మర్యాదను విడిచిపెట్టవలసిన విందు ఒకటి కలదన్నచో శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. నేడు మేము ముచ్చటింపబోవునది అట్టి విందును గూర్చియే.

ఆస్ట్రేలియాలో వేసవి సాయంకాలములందు మిత్రులను పెరటిలోనికి పిలిచి, కొన్ని రకముల ద్రాక్షాసవములను కొద్దికొద్దిగా రుచిచూపుట ఒక వేడుక. మెల్బోర్ను, సిడ్నీ నగరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకును ఇట్టి పిలుపులు వచ్చుట సహజమే. ఆ ఆసవములలో సారా చేర్చి బలపరచినవి వేరొక జాతివి.

ద్రాక్షరసము పులియునపుడు అందలి తీపి మద్యసారముగా మారును. ఆ మార్పు నడుమ ద్రాక్షసారా పోసినచో పులియుట ఆగి, తీపి నిలిచిపోవును. పోర్చుగల్‌లోని డోరో నదీలోయలో పోర్టును చేయు విధానమిదియే. అచ్చటి పాత లెక్క ప్రకారము 435 లీటర్ల రసమునకు 115 లీటర్ల సారా చేరి, 550 లీటర్ల పీపా నిండును. స్పెయిన్ దేశపు షెర్రీకి సాధారణముగా రసము పూర్తిగా పులిసిన పిదపనే సారా కలుపుదురు. మామూలు ద్రాక్షాసవమున మద్యసారము నూటికి 12 మొదలు 14 పాళ్లుండగా, వీనిలో 15 మొదలు 22 వరకు ఉండును.

ఇట్లు బలపరచుటకు ఒక కారణము దూరపు ఓడ ప్రయాణము. మదీరా ద్వీపపు పీపాలు ఈస్టిండియా కంపెనీ నాటి ఓడలలో మన దేశమునకును వచ్చినవి. ఉష్ణమండలపు వేడిలో ఓడ అడుగున మ్రగ్గిన ఆసవము చెడుటకు బదులు మరింత రుచికరమగుట వర్తకులు గమనించిరి. పిమ్మట ఆ వేడిని ద్వీపముననే కల్పించుట నేర్చిరి.

ఆస్ట్రేలియాలో ఇందుకు పేరుగన్న ఊరు విక్టోరియా రాష్ట్రమున రూథర్‌గ్లెన్. అచ్చట మస్కట్ ద్రాక్షను తీగపైననే ముడుతలుపడు వరకు ఉంచి కోయుదురు. ఆసవము పాత పీపాలలో ఏండ్ల తరబడి ఇగిరి, పానకమువలె చిక్కనగును. యూరపుతో కుదిరిన ఒప్పందమువలన ఆస్ట్రేలియావారు తమ ఆసవములకు పోర్టు, షెర్రీ అను పేర్లు మానిరి. షెర్రీ వంటిదానిని అపెరా అందురు.

గోష్ఠికి చిన్న గ్లాసులు చాలును. తీపిలేని అపెరాను చల్లబరచి, బాదంపప్పుతో ముందు అందింపవలెను. పిదప టానీ, అక్రోటుపప్పు, కట్టకడపట మస్కట్. తీపిని ముందు రుచిచూచిన నాలుకకు తక్కినవి చేదుగా తోచును. సీసాలను నీడనుంచవలెను, వేడికి సారా ఘాటే ముక్కునకు తగులును. మంచినీరును, పుక్కిలించి ఉమ్మివేయుటకు ఒక పాత్రయు తప్పనిసరి.

ఇక లెక్క. ఆస్ట్రేలియాలో 10 గ్రాముల మద్యసారమును ఒక కొలతగా ఎంచుదురు. నూటికి 18 పాళ్లున్న ఆసవమును 20 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు రుచులు చూచినచో మొత్తము ఒక కొలతకు కొంచెము మించును. దానినే మామూలు ఆసవమువలె 150 మిల్లీలీటర్లు పోసినచో ఒక్క గ్లాసుతోనే రెండు కొలతలు దాటును. తీపి మాటున ఆ బలము నాలుకకు తెలియదు. అచ్చట పూర్తి లైసెన్సు గల కారు నడుపువారికి 100 మిల్లీలీటర్ల రక్తమున 0.05 గ్రాముల మద్యసారము చట్టపు హద్దు. కొత్తగా నేర్చినవారికి సున్న. “ఇంకొక్క చుక్క” అని మొగమాటపెట్టిన గృహస్థు ఆ రాత్రి త్రోవలో ఎదురుపడు పరాయివాని ప్రాణమునకును పూచీపడుచున్నాడు.

కావున ఎవరు కారు నడుపుదురో ముందే తేల్చుకొనవలెను. త్రాగనివారికి ద్రాక్షరసమో మజ్జిగయో అంతే గౌరవముతో అందించి, కారణమడుగరాదు. సీసా మిగిలినదని చింతయు వలదు. మూత తీసిన అపెరా కొద్దిదినములే నిలుచునుగాని, టానీయు మస్కట్టును వారములు నిలుచును. బిరడా బిగించి లోనబెట్టినచో, మరియొక సాయంకాలమున అదే మిత్రులను పిలుచుటకు అది చక్కని సాకు కాగలదు.