ఓటరు ఎవరి సొత్తూ కాదు
(మల్కాజ్‌గిరిలో ఉద్యోగులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మనవాళ్లు నలుగురు కూడిన చోటల్లా ఒక మాట వినబడుతున్నది. "జనమే మారిపోయిండ్రన్నా. నిన్న ఒకరికి, ఇయ్యాల ఇంకొకరికి. ఈ మల్కాజ్‌గిరి ఓటరును నమ్మలేం." ఆనంద్‌బాగ్ చౌరస్తాలో చాయ్ తాగుతూ అంటున్నారు. సఫిల్‌గూడ చెరువుకట్ట మీద పొద్దున నడుస్తూ అంటున్నారు. అంటున్నది ఎవరో దారిన పోయేవాళ్లు కాదు. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా కూర్చున్నవాళ్లు. అదే ఏడాది మార్చి 10న పోలీసు కంచెలు దాటి ట్యాంక్‌బండ్ మీదికి చేరినవాళ్లు. అందుకే ఈ మాటను తేలికగా వదిలేయలేం. ఒక పార్టీని నమ్ముకున్న ఓటరు నిజంగానే పార్టీ మారుతాడా? మారితే అది ద్రోహమా? ఈ రెండు ప్రశ్నల మీద మనం మాట్లాడుకుందాం.

ముందు మన ఇంటి లెక్క చూద్దాం. 2008లో జరిగిన నియోజకవర్గాల పునర్విభజనతో మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానం పుట్టింది. 2009లో కాంగ్రెస్ నుంచి సర్వే సత్యనారాయణ గెలిచారు. 2014లో తెలుగుదేశం నుంచి మల్లారెడ్డి గెలిచారు. 2019లో కాంగ్రెస్ నుంచి రేవంత్ రెడ్డి, 2024లో బీజేపీ నుంచి ఈటల రాజేందర్. నాలుగు ఎన్నికలు, నలుగురు మనుషులు, మూడు పార్టీలు. ఏ పార్టీ కూడా వరుసగా రెండుసార్లు నిలుపుకోలేదు. ఉద్యమ పార్టీగా పుట్టిన టీఆర్‌ఎస్ ఇక్కడ ఎంపీ సీటు ఒక్కసారి కూడా గెలవలేదు. తెలంగాణ వచ్చిన 2014లో కూడా 28 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయింది.

ఇక్కడిదాకా చూస్తే ఈ ఓటరుకు టీఆర్‌ఎస్ పడదనుకోవాలి. కానీ ఇదే ఓటరు 2018 డిసెంబర్‌లో ఈ లోక్‌సభ స్థానం కిందికి వచ్చే ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరింటిని టీఆర్‌ఎస్‌కు ఇచ్చాడు. ఒక్క ఎల్.బి. నగర్ మాత్రమే కాంగ్రెస్‌కు పోయింది. నాలుగు నెలలు దాటగానే, 2019 ఏప్రిల్‌లో, కొడంగల్‌లో ఓడిపోయి వచ్చిన రేవంత్ రెడ్డిని 10,919 ఓట్ల ఆధిక్యంతో ఎంపీని చేశాడు. మళ్లీ 2023 నవంబర్‌లో ఏడుకు ఏడూ బీఆర్‌ఎస్‌కే. కుత్బుల్లాపూర్‌లో ఆ పార్టీకి వచ్చిన ఆధిక్యం 85 వేలు దాటింది. ఆ ఒక్క సెగ్మెంటులోనే 1 లక్షా 87 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆరు నెలలు కాలేదు, 2024 మే నెలలో ఏడు సెగ్మెంట్లు కలిపి చూస్తే ఆ పార్టీకి వచ్చినవి 3 లక్షల ఓట్లు. మూడో స్థానం.

బడి అదే, బూత్ అదే, వేలి మీద సిరా అదే. మరి మారిందేమిటి?

ఇక్కడ మనం కొంచెం నిదానించాలి. మనకు కనబడేవి మొత్తాలు. మొత్తాలు మనుషుల గురించి అన్నీ చెప్పవు. 2019, 2024 ఎంపీ ఎన్నికల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. కాంగ్రెస్‌కు 2019లో 6,03,748 ఓట్లు, 2024లో 5,99,567. అంటే 2019లో గెలిచిన కాంగ్రెస్ దాదాపు అన్నే ఓట్లు తెచ్చుకుని 2024లో 3,91,475 ఓట్ల తేడాతో ఓడిపోయింది. టీఆర్‌ఎస్ 5,92,829 నుంచి 3,00,486కు దిగింది. బీజేపీ 3,04,282 నుంచి 9,91,042కు ఎక్కింది.

"చూసిండ్రా, గులాబీ ఓట్లన్నీ కమలానికి పోయినయ్" అని మనవాళ్లు వెంటనే అనేస్తారు. లెక్క కట్టండి. గులాబీ పార్టీ పోగొట్టుకున్నది 2 లక్షల 92 వేలు. బీజేపీకి కొత్తగా కలిసినవి 6 లక్షల 86 వేలు. పోయిన ప్రతి ఓటూ అటే పోయిందనుకున్నా, ఇంకా 3 లక్షల 94 వేల ఓట్లు వేరేచోటి నుంచి రావాలి. ఎక్కడి నుంచి వచ్చాయి? 2019లో ఇక్కడి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు 31 లక్షల 50 వేలు. 2024 నాటికి 37 లక్షలు దాటారు. దేశంలోనే అతిపెద్ద ఓటర్ల జాబితా మనది. అయిదేళ్లలో 6 లక్షల పేర్లు పెరిగాయంటే, 18 ఏళ్లు నిండిన పిల్లలు, జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు, కొత్త అపార్టుమెంట్లలోకి దిగినవాళ్లు అందరూ అందులో ఉన్నారు. వీళ్లలో చాలామంది మనల్ని విడిచి పోయినవాళ్లు కాదు, మొదటి నుంచీ మనతో లేనివాళ్లు. వాళ్ల దగ్గరికి మనం ఎన్నడూ పోనే లేదు.

ఇంకో లెక్క ఉంది. రెండు ఎన్నికల్లోనూ ఇక్కడ పోలింగ్ దాదాపు సగమే. 2024లో ఓటు వేయనివాళ్ల సంఖ్య, గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఓట్లకు రెట్టింపుకు దగ్గరగా ఉంది. ఆ రోజే ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగ్ కాబట్టి అక్కడ ఓటున్నవాళ్లు బస్సులు, రైళ్లు పట్టుకుని పోయారు. ఇల్లు మారి, పాత బూత్ దూరమై ఊరుకున్నవాళ్లు కొందరు. మనసు విరిగి గడప దాటనివాళ్లు కొందరు. ఒక పార్టీని నమ్ముకున్న మనిషి ఎదుటి పార్టీకి వేయడం ఒక మార్పు. ఎవరికీ వేయకుండా ఇంట్లో కూర్చోవడం ఇంకో మార్పు. మొత్తాల్లో రెండూ ఒక్కతీరుగానే కనబడతాయి. అలిగి ఇంట్లో కూర్చున్నవాణ్ని పక్క పార్టీకి అమ్ముడుపోయాడని తిడితే, రేపు వాడు నిజంగానే పోతాడు.

నమ్ముకున్న ఓటరు అసలు మారనే మారడా అంటే, మారుతాడు. బ్రిటన్‌లో 1960ల నుంచి ప్రతి ఎన్నికకూ ఓటర్లను అడిగి, పోయినసారి ఎవరికి వేశారు, ఈసారి ఎవరికి వేశారు అని రాసి పెడుతున్నారు. 1966లో పార్టీ మారినవాళ్లు నూటికి 13 మంది. 2015లో 43 మంది. తాత లేబర్, తండ్రి లేబర్, కొడుకు లేబర్ అనుకునే దేశంలో సంగతి ఇది. బోల్సోవర్ అని బొగ్గుగనుల ప్రాంతం ఉంది. డెన్నిస్ స్కిన్నర్ అనే గని కార్మికుణ్ని 1970 నుంచి 49 ఏళ్లు లేబర్ తరఫున గెలిపించింది. మన కొత్తగూడెం, గోదావరిఖని లాంటి చోటు అనుకోండి. 2019లో అక్కడ కన్సర్వేటివ్ గెలిచాడు. గనులు ఎప్పుడో మూతబడ్డాయి, యూనియన్ ఆఫీసులు పోయాయి. పార్టీకీ జనానికీ మధ్య ఉన్న తాడు ఏండ్ల తరబడి పురి విడుతూ వచ్చి, ఆనాడు తెగింది. 2024లో అదే బోల్సోవర్ మళ్లీ లేబర్‌కు వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి ముచ్చట స్కాట్లాండ్‌ది. 2014లో మనకు రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 18న వాళ్లు ప్రత్యేక దేశం కోసం ఓటు వేశారు. నూటికి 45 మంది కావాలన్నారు, 55 మంది వద్దన్నారు. కోరిక ఓడిపోయింది. కానీ ఎనిమిది నెలల తర్వాత ఎన్నికల్లో స్కాట్లాండ్ జాతీయ పార్టీ 59 సీట్లలో 56 గెలిచింది. అంతకుముందు అక్కడ 41 సీట్లున్న లేబర్‌కు మిగిలింది ఒక్కటి. ఎందుకు? ఆ ఓటు నాడు లేబర్ నాయకులు కన్సర్వేటివ్‌లతో కలిసి 'వద్దు' అన్నారు. వాళ్ల ఓటర్లలో 'కావాలి' అన్నవాళ్లకు పార్టీ ముఖ్యమా, ప్రశ్న ముఖ్యమా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. వాళ్లు ప్రశ్న వైపు పోయారు. అక్కడితో కథ అయిపోలేదు. 2024లో అదే జాతీయ పార్టీ 9 సీట్లకు పడిపోయింది. లేబర్‌కు 37 వచ్చాయి. స్వాతంత్ర్యం కావాలనేవాళ్లు అప్పటికీ సగానికి దగ్గరలోనే ఉన్నారు. కానీ ప్రభుత్వంలో చాలా ఏండ్లు కూర్చున్న పార్టీని ఆ కోరిక ఒక్కటే కాపాడలేదు.

ఈ మాట వింటుంటే మన సంగతే చెప్తున్నట్టు లేదూ? 2010 జులైలో రాజీనామా చేసిన 12 స్థానాలకు ఉప ఎన్నికలు వస్తే, 11 టీఆర్‌ఎస్‌కు, ఒకటి బీజేపీకి ఇచ్చాం. అంతకు ఏడాది ముందు ఇదే తెలంగాణ టీఆర్‌ఎస్‌కు పది ఎమ్మెల్యే సీట్లే ఇచ్చింది. నడుమ ఏం జరిగింది? 2009 నవంబర్ 29న మన ఎల్.బి. నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 9 ప్రకటన వచ్చింది, ఆ తర్వాత మాట వెనక్కి పోయింది. అప్పుడు పసుపు కండువా ఇంట్లో, మూడు రంగుల కండువా ఇంట్లో పుట్టిన మనిషి కూడా పార్టీ పక్కన పెట్టి తెలంగాణకు ఓటేశాడు. ఆనాడు ఆ ఓటరు పార్టీ మారితే 'చైతన్యం' అన్నాం. 2024లో మారితే 'ద్రోహం' అంటున్నాం. ఇదెక్కడి న్యాయం?

కూకట్‌పల్లిని చూడండి. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు తెలుగుదేశానికి కట్టుబడి ఉంటారని అందరూ అనుకున్నారు. 2014లో అక్కడ గెలిచింది ఆ పార్టీయే. 2018లో ఎన్టీఆర్ మనవరాలు సుహాసినిని నిలబెడితే కూకట్‌పల్లి టీఆర్‌ఎస్‌ను గెలిపించింది. మన మీద వాళ్లకున్న అనుమానం, వాళ్ల మీద మనకున్న అనుమానం రెండూ ఆ నాలుగేళ్లలో కొంత కరిగాయి. అది మంచి మార్పా, చెడు మార్పా? మీరే చెప్పండి.

మిత్రులారా, మనం కోపం చూపించవలసిన చోటు వేరే ఉంది. ఓటరు మారడం ఒకటి, ఓటరు ఇచ్చిన ఓటును జేబులో పెట్టుకుని నాయకుడు మారడం ఒకటి. 2014లో ఇక్కడ సైకిల్ గుర్తు మీద గెలిచిన ఎంపీ 2016లో టీఆర్‌ఎస్‌లో చేరారు. సైకిల్ మీదే గెలిచిన కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, కంటోన్మెంట్ ఎమ్మెల్యేలూ అటే వచ్చారు. 2018లో ఎల్.బి. నగర్‌లో కాంగ్రెస్ మీద గెలిచిన ఎమ్మెల్యే కూడా అంతే. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఒక్కసారే టీఆర్‌ఎస్‌లో కలిశారు. అప్పుడు మనలో చాలామందిమి చప్పట్లు కొట్టాం. ఒప్పుకుందాం. 2024లో బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు పోతే ప్రజాస్వామ్యం ఖూనీ అయిందన్నాం. మొదటిసారే ఆ మాట అని ఉంటే రెండోసారి మన గొంతుకు బలం ఉండేది.

నాయకుడు పోతే ఓటరు వెంట పోతాడన్నదీ నిజం కాదు. 2018లో మల్కాజ్‌గిరి అసెంబ్లీకి టీఆర్‌ఎస్ తరఫున గెలిచిన మైనంపల్లి హనుమంతరావు 2023లో కాంగ్రెస్‌లోకి పోయి నిలబడ్డారు. దాదాపు 50 వేల తేడాతో ఓడిపోయారు. 2021లో ఈటల రాజేందర్ రాజీనామా చేసి, బీజేపీ నుంచి నిలబడితే హుజూరాబాద్ గెలిపించింది. అదే హుజూరాబాద్ 2023లో అదే మనిషిని ఓడించింది. ఓటరు ఎవరి తోకా పట్టుకుని నడవడం లేదు. ప్రతిసారీ తన లెక్క తాను చూసుకుంటున్నాడు. 2024 మే 13న కంటోన్మెంట్‌లో ఎంపీకీ, ఎమ్మెల్యేకూ ఒకే రోజు ఓట్లు పడ్డాయి. ఎంపీ సీటు బీజేపీది, ఎమ్మెల్యే సీటు కాంగ్రెస్‌ది అయింది.

ఇంకో ప్రశ్న కూడా మనల్ని మనం అడగాలి. 2022లో పార్టీ పేరులోంచి 'తెలంగాణ' అన్న మాటే తీసేశారు. మరి ఆ పేరు చూసి ఓటు వేసిన మనిషి మారాడా, పార్టీ మారిందా? రాష్ట్రం వచ్చినాక నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడగడం ఓటరు మరిచిపోలేదు. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి వయసు దాటిపోయిన పిల్లలు మరిచిపోలేదు. 2024లో ఉద్యమ పార్టీకి లోక్‌సభలో ఒక్క సీటు కూడా రాలేదంటే, తెలంగాణ అన్న ప్రశ్న చచ్చిపోయిందని కాదు. ఆ ప్రశ్నను ఒక జెండాకే కట్టివేయడం కుదరదని జనం చెప్పారని.

మరి మనం చేయవలసిందేమిటి? ఒకటి, ఓటరును తిట్టడం మానేయాలి. రెండు, మన వీధిలో ఓటు వేయని ఇళ్ల తలుపు తట్టాలి. మౌలాలి నుంచి నేరెడ్‌మెట్ దాకా కొత్తగా వచ్చిన కుటుంబాలకు మన ప్రశ్నలు ఏమిటో చెప్పాలి. మూడు, పార్టీ మారే ప్రతి నాయకుణ్నీ, మన పార్టీలోకి వచ్చినా సరే, ముందు రాజీనామా చేసి రమ్మనాలి. రాజీనామా ఇచ్చి జనం ముందుకు పోవడం మన ఉద్యమం ఈ గడ్డకు నేర్పిన పాఠం. దాన్ని మనమే మరిచిపోతే ఎట్లా?

నమ్ముకోవడం అంటే గుడ్డిగా గుర్తు నొక్కడం కాదు. ఎవరు కుర్చీలో ఉన్నా అడిగిన ప్రశ్న మళ్లీ అడగడం. ఆ లెక్కన చూస్తే మల్కాజ్‌గిరి ఓటరు మనం అనుకున్నదానికంటే నమ్మకస్తుడు. పార్టీలే అతని నమ్మకాన్ని ప్రతిసారీ కొత్తగా సంపాదించుకోవాలి. మనమూ అంతే.

జై తెలంగాణ!