సినిమా వార్త విని పిల్లలు మౌనంగా ఉంటే

మీరంతా ఇక్కడ వార్డు దగ్గర ఉన్నారు, ఇంట్లో పిల్లలు ఒంటరిగా టీవీ ముందు ఉంటారు. వారి గురించి రెండు మాటలు.

2014 జనవరిలో ఉదయ్ కిరణ్, 2020 జూన్‌లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ ఆత్మహత్య వార్తలు టీవీల్లో రోజుల తరబడి నడిచాయి. ఇంటర్ చదివే పిల్లవాడు అన్నం ముట్టకుండా ఆ వార్తే చూస్తుంటే 'ఎవరో పోతే నీకెందుకురా, పుస్తకం తియ్యి' అంటాం. నేనూ మా అబ్బాయిని అలా అన్నదాన్నే. వాడు మళ్ళీ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు.

అది హీరో మీద అభిమానమే కావచ్చు. కానీ 'అంత పేరున్నవాడే తట్టుకోలేకపోతే, పరీక్ష పోయిన నేనెంత' అని లోపల అనుకుంటున్నాడేమో! ఇలాంటి వార్తను పదేపదే, వివరంగా చూపిస్తే అప్పటికే కుంగిపోయినవారికి ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలవారిని హెచ్చరిస్తూనే ఉంది.

టీవీ కట్టేసి పక్కన కూర్చోండి. 'నీకూ చనిపోవాలనిపిస్తోందా నాన్నా?' అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు తాళంలో పెట్టి, వెంటనే డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంటికి వెళ్ళేదాకా ఆగనక్కరలేదు, ఈ వరండాలోంచే చేయండి.