ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?

బి.ఎడ్., ఎం.ఎడ్. పూర్తి చేసుకున్న మీ అందరికీ అభినందనలు. ఈ ఉక్కపోతలో గౌన్లు తగిలించుకుని కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను చాలా ఏళ్లు అమెరికా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ రాని పిల్లలకు పాఠాలు చెప్పాను. స్నాతకోత్సవంలో వక్తలు సాధారణంగా పెద్ద కలలు కనమంటారు. నేను అంత దూరం వెళ్లను. ఇంగ్లిష్ రాని పిల్లవాడు బడి గుమ్మంలోకి వస్తే అక్కడి బడి వాణ్ణి ఎలా గుర్తిస్తుంది, గుర్తించాక ఏం చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది మాత్రం చెబుతాను. మీలో చాలామంది రేపు ఇంగ్లిష్ మీడియం తరగతిలో, ఇంట్లో ఒక్క ఇంగ్లిష్ వాక్యం వినని పిల్లల ముందు నిలబడతారు. ఆ గుర్తింపు పని మీకూ తప్పదు.

ముందు, ఈ బాధ్యత బడి మీద ఎలా పడిందో చెబుతాను. 1970ల తొలినాళ్లలో శాన్ ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లిష్ రాని చైనా సంతతి పిల్లలు 2,800 మందికి పైగా ఉండేవారు. వారిలో సుమారు వెయ్యి మందికి ఇంగ్లిష్ విడిగా నేర్పేవారు. మిగతా 1,800 మంది అందరితో పాటే కూర్చుని, ఏమీ అర్థం కాకుండానే సాయంత్రం ఇంటికి పోయేవారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. బడుల తరఫున చెప్పిన జవాబు వినడానికి సబబుగానే ఉంటుంది: అందరికీ అవే పుస్తకాలిస్తున్నాం, అదే టీచరు, అదే గది, ఇందులో వివక్ష ఎక్కడుంది? కింది కోర్టులు ఆ మాటే నమ్మాయి. పిల్లలు తలో రకం ఇంటి నుంచి వస్తారు, ఆ తేడాలన్నిటికీ బడి ఎలా బాధ్యత వహిస్తుందని అడిగాయి. 1974 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. అదే లౌ వర్సెస్ నికోల్స్ కేసు. తీర్పు రాసిన జస్టిస్ విలియం డగ్లస్ వాదన సూటిగా ఉంటుంది: భాష తెలియని పిల్లవాడికి అందరికీ ఇచ్చిన పుస్తకమే ఇచ్చి సమానంగా చూశామంటే కుదరదు, వాడికి చదువు తలుపు మూసేసినట్టే. ఆధారం 1964 నాటి పౌరహక్కుల చట్టం.

ఏం చేయాలో ఆ తీర్పు చెప్పలేదు. ఏదో ఒకటి చేసి తీరాలని మాత్రం చెప్పింది. ఏది చేస్తే సరిపోతుందన్నది 1981లో టెక్సస్‌లోని రేమండ్‌విల్ అనే చిన్న ఊరి కేసులో తేలింది. కాస్టన్యేడా కేసంటారు దాన్ని. అప్పీళ్ల కోర్టు మూడు విషయాలు చూడమంది. మీరు ఎంచుకున్న పద్ధతికి విద్యాశాస్త్రంలో ఆధారం ఉందా? దాన్ని నడపడానికి టీచర్లను, డబ్బును, పుస్తకాలను నిజంగా ఇచ్చారా? కొన్నాళ్లు నడిపాక పిల్లలకు ఒరిగిందేమైనా ఉందా, లేకపోతే పద్ధతి మార్చారా? రెండో ప్రశ్న దగ్గరే ప్రభుత్వాలు నీళ్లు నములుతాయి, ఏ దేశంలోనైనా.

ఇక గుర్తించడం. బడిలో చేర్చే రోజున తల్లిదండ్రుల చేతికి ఇచ్చే కాగితాల కట్టలో ఒకదాని పేరు హోమ్ లాంగ్వేజ్ సర్వే. కాలిఫోర్నియాలో అందులో నాలుగు ప్రశ్నలుంటాయి. బిడ్డకు మొదట మాటలు వచ్చింది ఏ భాషలో? ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది? మీరు బిడ్డతో ఏ భాషలో మాట్లాడతారు? ఇంట్లో పెద్దవాళ్లు తమలో తాము ఏ భాష మాట్లాడుకుంటారు? అంతే. వీసా గురించి, పౌరసత్వం గురించి అడగరు. కాగితాలు లేని పిల్లలకు కూడా ఉచిత బడి చదువు నిరాకరించకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ ఫారం బిడ్డ నోట్లో ఉన్న భాషనే అడుగుతుంది.

మన తెలుగువాళ్ల ముచ్చట ఇక్కడే చెప్పాలి. ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ లాంటి అమెరికా ఊళ్లలో స్థిరపడినవాళ్లకు ఈ ఫారం చూడగానే గుండె దడ. తెలుగు అని రాస్తే పిల్లాడిని వెనకబడినవాళ్లలో కలిపేస్తారని ఎవరో వాట్సాప్‌లో చెప్పి ఉంటారు. నాలుగు గళ్లలోనూ ఇంగ్లిష్ అని నింపి, పెన్ను మూత పెట్టి, పక్కకు తిరిగి బిడ్డతో "ఏయ్, అది ముట్టుకోకు, రా ఇలా" అంటారు. ఒక తల్లి నన్ను వరండాలో పట్టుకుని, "మేడమ్, మావాడు కార్టూన్లన్నీ ఇంగ్లిష్‌లోనే చూస్తాడండీ, వాణ్ణి ఆ ఇంగ్లిష్ రాని పిల్లల క్లాసులో మాత్రం వేయకండి" అని బతిమాలింది. "వెయ్యడం, తియ్యడం నా చేతిలో లేదమ్మా. ముందు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అందులో బాగా చేస్తే ఆ క్లాసు అవసరమే ఉండదు. చెయ్యలేకపోతే మాత్రం వాడికి అది కావాలి కదా" అన్నాను. అక్కడ తల్లిదండ్రులకు ఆ సాయం వద్దనే హక్కుంది. వద్దన్నా, పిల్లవాడికి ఇంగ్లిష్ వచ్చిందో లేదో బడి ప్రతి ఏడాదీ పరీక్షించాల్సిందే. ఆ బాధ్యత తల్లి సంతకంతో తీరిపోదు.

తమాషా ఏమిటంటే, కిండర్‌గార్టెన్‌లో తెలుగును దాచిన ఇళ్లలోనే, పన్నెండో తరగతికి వచ్చేసరికి అదే తెలుగుతో సీల్ ఆఫ్ బైలిటరసీ సంపాదించాలని ట్యూషన్లు మొదలవుతాయి. రెండు భాషలు చదవడం, రాయడం వచ్చిన విద్యార్థి డిప్లొమా మీద వేసే ముద్ర అది. 2011లో కాలిఫోర్నియా చట్టం చేసి మొదలుపెట్టింది, తర్వాత దేశమంతా పాకింది.

ఫారంలో ఇంగ్లిష్ కాకుండా మరో భాష కనిపిస్తే పరీక్ష పెడతారు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం, నాలుగూ చూస్తారు. సగానికి పైగా రాష్ట్రాలు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన వైడా పరీక్షలు వాడతాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, టెక్సస్ తమ సొంత పరీక్షలు పెట్టుకున్నాయి. వైడాలో ఆరు మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా పిల్లవాడు ఏం చేయగలడో రాసి ఉంటుంది: బొమ్మను చూపించగలడు, రెండు వస్తువులను పోల్చగలడు, కారణం చెప్పగలడు. ప్రోగ్రెస్ కార్డుల్లో మనం రాసే "ఇంకా శ్రద్ధ పెట్టాలి" పక్కన పెట్టి చూస్తే, టీచరుకు రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఏది చెబుతుందో మీకే తెలుస్తుంది. విద్యా సంవత్సరం మొదలైన ముప్ఫై రోజుల్లోగా ఫలితాన్ని తల్లిదండ్రులకు, వీలైనంతవరకు వాళ్లకు అర్థమయ్యే భాషలో తెలియజేయాలి. బయటపడే దారి కూడా చట్టంలోనే ఉంది. చాలినంత ఇంగ్లిష్ వచ్చాక, సాయం అవసరమైన పిల్లల జాబితాలోంచి తీసేస్తారు. తీసేసి వదిలేయరు. కనీసం రెండేళ్లు కనిపెట్టి ఉంటారు, తడబడితే మళ్లీ సాయం చేస్తారు.

2021 లెక్కల్లో అమెరికా ప్రభుత్వ బడుల్లో ఆ జాబితాలో ఉన్న పిల్లలు సుమారు 53 లక్షలు. ప్రతి పదిమందిలో ఒకరికి పైనే. నలుగురిలో ముగ్గురి ఇంటి భాష స్పానిష్.

సాయం ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను, రేపు మీకు పనికొచ్చేది ఇదే. కొన్ని బడుల్లో రోజూ కొంతసేపు పిల్లల్ని బయటికి పిలిచి చిన్న గుంపుగా కూర్చోబెట్టి నేర్పుతారు. దాన్ని పుల్ అవుట్ అంటారు. కొన్నిచోట్ల మాలాంటి టీచరే తరగతిలోకి వెళ్లి, సైన్స్ టీచరు పక్కన నిలబడి పాఠం చెబుతుంది. అది పుష్ ఇన్. నాకు రెండోదే ఇష్టం, పిల్లవాడు పాఠం పోగొట్టుకోడు. ఇంకో దారి రెండు భాషల బడి. క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్నీ, ఇంగ్లిష్ పిల్లల్నీ కలిపి, ఇంగ్లిష్‌లో సగం, స్పానిష్‌లో సగం చదివించడం 1963లో మయామీలోని కోరల్ వే బడిలో మొదలైంది. ఇంగ్లిష్ పిల్లలకు స్పానిష్ వచ్చింది, స్పానిష్ పిల్లలకు ఇంగ్లిష్ వచ్చింది, ఎవరి భాషా పోలేదు. అన్నిటిలోకీ మేలైన పద్ధతి ఇదేనని నా అభిప్రాయం. ఖర్చూ, రెండు భాషలు వచ్చిన టీచర్ల కొరతా దీనికి అడ్డు.

పద్ధతి ఏదైనా, తరగతి గదిలో చేసేవి చిన్న పనులే. గ్వాటెమాలా నుంచి వచ్చిన పిల్లవాడు భాగహారం చకచకా చేసేస్తాడు. కానీ వాళ్ల దేశంలో భాగహారం వేసే తీరు వేరు, భాజకం రాసే చోటే వేరు. నోట్‌బుక్ చూసిన లెక్కల టీచరు "వీడికి భాగహారం రాదు" అని రాసేస్తాడు. పక్కన కూర్చుని జవాబు సరిచూస్తే సరైనదే ఉంటుంది. వాడికి రానిది ఆ లెక్కను కథలా అడిగిన ఇంగ్లిష్ పేరా. అందుకే పేరా చదివించే ముందు బొమ్మ గీస్తాం, కొత్త మాటలు ముందే నేర్పుతాం, జవాబు చెప్పడానికి సగం వాక్యం మేమిచ్చి మిగతాది వాళ్లతో పూర్తి చేయిస్తాం. తన భాష తెలిసిన తోటివాడితో ముందు ఆ భాషలోనే మాట్లాడుకోనిస్తాం. లెక్కను మాత్రం తేలిక చేయం. భాష రాదని లెక్క స్థాయి తగ్గించడం దయలా కనిపిస్తుంది, ఐదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లవాడు రెండిట్లోనూ వెనకపడి ఉంటాడు.

కొత్తగా వచ్చిన పిల్లలు నెలల తరబడి నోరు విప్పకపోవచ్చు. వింటూ ఉంటారు. ఆ మౌనాన్ని మొద్దుతనం అనుకుని చేసిన అన్యాయం చరిత్రకెక్కింది. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు నడిచింది. మెక్సికన్ సంతతి పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలివితేటల పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉందని ముద్రవేసి వేరే గదిలో కూర్చోబెట్టారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో చాలామంది మామూలు పిల్లలేనని తేలింది. దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది. పిల్లవాడు ఆటస్థలంలో గలగలా మాట్లాడుతుంటే ఇంగ్లిష్ వచ్చేసిందనుకుంటాం. ఆటలో మాట్లాడే భాష రెండేళ్లలో వస్తుంది, పాఠం చదివి సొంతంగా రాసే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పి నాలుగు దశాబ్దాలు దాటింది.

అక్కడంతా బాగుందని చెప్పి వెళ్లిపోతే మీకు అబద్ధం చెప్పినట్టే. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు రెండు భాషల బోధనను దాదాపు నిషేధించారు. ఏడాదిలో ఇంగ్లిష్ నేర్పేయమన్నారు. అది జరగలేదు. 2016లో మళ్లీ ఓటు వేసి ఆ నిషేధం ఎత్తేశారు. మధ్యలో పద్దెనిమిదేళ్లు, ఒక తరం పిల్లలు. ఆరేడేళ్లు దాటినా ఆ జాబితాలోంచి బయటపడలేక, ఇష్టమైన పాఠ్యాంశం తీసుకోవడానికి టైమ్‌టేబుల్‌లో చోటు లేక హైస్కూలుకు చేరే పిల్లలు వేలల్లో ఉన్నారు. ఈ పిల్లల కోసమని ఫెడరల్ ప్రభుత్వం ప్రత్యేకంగా ఇచ్చే సొమ్ము 2023లో 89 కోట్ల డాలర్లు. తలకు పంచితే 180 డాలర్లయినా రాదు. 2025 మార్చిలో అధ్యక్షుడు ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటించాడు. లౌ తీర్పును మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

ఇప్పుడు మన గడప. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఆ పుస్తకం మంచి ఆలోచన, నేను మెచ్చుకుంటాను. మీడియం ఏది ఉండాలన్న వాదనలోకి ఈ వేదిక మీద దిగను. పేద తల్లి ఇంగ్లిష్ కోరుకోవడంలో తప్పులేదు. నా అభ్యంతరం ఒక్కటే. ఇన్ని ఉత్తర్వుల్లో, ఇంత వాదనలో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న, అక్కడి ఫారంలో ఉన్న ఆ ప్రశ్నకు చోటు దొరకలేదు.

ఎందుకంటే ఎదుటి పేజీలో ఉన్న తెలుగు కూడా కొందరికి పరాయిదే. ఉట్నూరు వైపు గోండి, కొలామి, సీతంపేట కొండల్లో సవర, భద్రాచలం చుట్టూ కోయ, తండాల్లో లంబాడీ. ఆ బిడ్డకు ఇంగ్లిష్ మూడో భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి పాఠాలు మొదలుపెట్టారు. అది మనం చేసిన పనే, అమెరికా నుంచి తెచ్చుకున్నది కాదు. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతుంది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. చట్టానికి కొరత లేదు.

కాబట్టి మీకు నా విన్నపం. జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలో హాజరుపట్టీ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి బిడ్డ పేరు పక్కన ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగి రాసుకోండి. తల్లి ఏ భాషలో మాట్లాడుతుందో, నాయనమ్మ ఏ భాషలో మాట్లాడుతుందో విడివిడిగా అడగండి. మొదటి యూనిట్ టెస్టు లెక్కల్లో ఎవరికి తక్కువ వచ్చినా, ప్రశ్నను వాడి భాషలో ఒకసారి అడిగించండి. మీకు ఆ భాష రాకపోతే పై తరగతి పిల్లవాణ్ణి పిలవండి. అప్పుడు కూడా రాకపోతే లెక్క నేర్పండి. అప్పుడు వస్తే ఇంగ్లిష్ నేర్పండి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, ఎం.ఇ.ఓ. గారి సంతకమూ అక్కర్లేదు. ఈ ఏడాదే మొదలుపెట్టండి.