సత్యభామకు పాయింట్లు వేయగలమా?

 ఈ సాహితీ సభకు, అధ్యక్షుడు ప్రబంధాల మీదో పదకవిత్వం మీదో మాట్లాడతాడని వచ్చినవారు ఈ పూట కాస్త ఓర్చుకోవాలి. నేను ఎంచుకున్న విషయం వీడియో గేములు. మాంత్రికులూ రాక్షసులూ మాయఖడ్గాలూ ఉండే రోల్ ప్లేయింగ్ గేముల్లో, ఆడేవాడికి ఇష్టమైతే నడుపుకోవడానికి, లేకపోతే వదిలేయడానికి వీలుగా ప్రేమకథలు పెడుతున్నారు. అవి ఉండాలా, వద్దా అన్నది ప్రశ్న. కుర్రాళ్ల గొడవ మనకెందుకని ముందు వరసలో ఒకరిద్దరు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ వేషం కట్టి ఇంకొకరిగా బతకడం, ఆ వేషంలోనే ప్రేమించడం మనకు కొత్త సంగతేమీ కాదు.

మొవ్వ పక్కనే కూచిపూడి. ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన మగవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన కట్టుబాటని చెబుతారు. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామను కళ్లారా చూసినవారు ఈ సభలోనే ఉండి ఉంటారు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని కూడా నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నాడు. నిమ్మకూరు ఎన్టీ రామారావు గారు కాలేజీ నాటకంలో నాగమ్మ వేషానికి మీసం తీయనని భీష్మించి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారట. వేషం కట్టినా కొంత తానే మిగలడం అంటే అదే. గేము ఆడే కుర్రాడు చేసేదీ ఇంతకన్నా వేరు కాదు.

ఇక ప్రేమ సంగతి. 2011లో వచ్చిన స్కైరిమ్ అనే గేములో పెళ్లి ఎలా జరుగుతుందో చెబుతాను. మారా దేవత తాయెత్తు మెడలో వేసుకోవాలి. అంతకుముందు ఎవరికో ఏదో పని చేసిపెట్టి ఉంటారు. ఆ మనిషి తాయెత్తు చూసి పెళ్లికి సరేనంటుంది. గుళ్లో పెళ్లయ్యాక ఆవిడ దుకాణం పెట్టి రోజుకు వంద బంగారు నాణేలు లాభం మీ చేతిలో పోస్తుంది, రోజుకొకసారి వండి పెడుతుంది. పోట్లాట లేదు, అలక లేదు. దీన్ని సంసారం అనడం కంటే అద్దెకిచ్చిన కొట్టు అనడం నయం.

2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ ఇంతకన్నా చాలా బాగా రాసిన ఆట. అందులో మనుషులకు మాటా మనసూ ఉన్నాయి. అయినా అక్కడా ఒక లెక్క నడుస్తుంది. కానుక ఇస్తే అభిమానం కొన్ని పాయింట్లు పెరుగుతుంది, నచ్చని మాట అంటే తగ్గుతుంది. తగినన్ని పోగైతే ప్రేమకు దారి తెరుచుకుంటుంది. మన సత్యభామ తులాభారంలో పడిన పొరపాటు ఇదే. నగలన్నీ గుట్టపోసినా కృష్ణుడి వైపు తక్కెడ లేవలేదు. చివరికి రుక్మిణి వేసిన తులసిదళానికే లేచింది. ఆ కథ చిన్నప్పుడే విన్నవాళ్లం కాబట్టి పాయింట్ల ప్రేమను తప్పుపట్టడానికి మనకు కొత్త సిద్ధాంతం అక్కర్లేదు.

కూచిపూడివారు ఆడే సత్యభామ కథ, భామాకలాపం, ఇంకో మెట్టు పైనుంటుంది. నీ భర్త ఎవరని చెలికత్తె మాధవి అడిగితే, పేరు చెప్పడానికి భామకు సిగ్గు. గుర్తులతో సరిపెడుతుంది. మాధవి వదలదు, ఆట పట్టిస్తుంది. కృష్ణుడికి ఉత్తరం అందించడానికి ముక్కెర కూలిగా అడుగుతుంది. ఒక్క పేరు పలకడం చుట్టూ అంతసేపు రంగం నడపగలిగారంటే, ప్రేమలో రసం కలయికలో కన్నా తటపటాయింపులో ఉందని వాళ్లకు తెలుసు. చాలా గేములు ఆ తటపటాయింపును మూడు నాలుగు సంభాషణల్లో తేల్చేసి, పడకగది దృశ్యాన్ని బహుమతిలా చూపి చేతులు దులుపుకుంటాయి.

వద్దనేవారి వాదనలో బలం లేకపోలేదు. చాలామంది చూడనే చూడని ఘట్టాలకు మాటలు రాయించి, గొంతులు రికార్డు చేయించడం ఖర్చు. ఆ ఖర్చుతో అసలు కథను చిక్కబరచవచ్చు కదా అంటారు. బందరు నాటకరంగంలో చేయి తిరిగిన పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ రాసిన 1951 నాటి ‘పాతాళభైరవి’ వారికి మంచి సాక్ష్యం. రాకుమారి కోసమే తోటరాముడు మాంత్రికుడి వెంట వెళ్లాడు. ఆమెను తీసేస్తే సినిమానే లేదు. ప్రేమ కథకు వెన్నెముక కావాలి గానీ, పక్కదారి ఎందుకన్నది వారి ప్రశ్న.

నా తీర్పు మాత్రం ఉంచమనే. వేషం కట్టినవాడికి ప్రేమించే స్వేచ్ఛ ఇచ్చినప్పుడు, ప్రేమించకుండా ఉండే స్వేచ్ఛా ఇవ్వాలి. అయితే ఆ స్వేచ్ఛ ఎదుటి పాత్రకూ ఉండాలి. 2015 నాటి విచర్ 3లో కథానాయకుడు ట్రిస్‌కూ యెన్నెఫర్‌కూ ఇద్దరికీ మాట ఇస్తే, వాళ్లిద్దరూ కలిసి అతన్ని మంచానికి కట్టేసి వెళ్లిపోతారు. పారిజాతాపహరణం చదివిన మనకు అందులో న్యాయం వెంటనే అర్థమవుతుంది. ప్రేమ వద్దనుకున్నవాడికి దక్కే స్నేహం కూడా పలచబడకూడదు. భామాకలాపం ఆడిన ఊరే గొల్లకలాపమూ ఆడింది. అందులో గొల్లభామ బ్రాహ్మణుడితో శృంగారం జోలికి పోకుండా తత్త్వం వాదిస్తుంది, ప్రేక్షకులు తెల్లవార్లూ కూర్చుని వినేవారు.

ఈ సభలో ఉన్న యువ రచయితలకు ఒక్క విన్నపం. గేములకు సంభాషణ రాయడం ఇప్పుడు నిజమైన ఉద్యోగం. ఆ పని అందినప్పుడు మన కలాపాలు చదివి, చూసి వెళ్లండి. స్టూడియోవారు అభిమానపు పాయింట్ల పట్టిక చేతిలో పెడితే, కానుకలకు లొంగని పాత్రను ఒక్కదాన్నైనా రాసి వారి ముందుంచండి.