పట్నపు గాలి – సీసపు ధూళి



హైదరాబాదునకు తూర్పున, ఉప్పలు నాచారముల చెంత, మల్లాపూరు కలదు. మన పల్లెల పడుచువారెందరో అచ్చటి కర్మాగారములలో పనికి కుదిరి, బిడ్డలతో అచ్చటనే కాపురముండుట మీరెరుగుదురు. సెలవులకు వచ్చిన మనుమడు చీటికిమాటికి కయ్యమునకు దిగినచో "వీనికి పట్నపు గాలి సోకిన"దని మనమందుము. ఆ మాటలో మనమెంచిన దానికంటె ఎక్కువ నిజము కలదు.

1921లో అమెరికాలో మిడ్గ్లీ యను ఇంజనీరు, సీసము చేరిన ద్రవ్యమును పెట్రోలులో కలిపినచో యంత్రపు మోత తగ్గునని కనుగొనెను. పిమ్మట లోకమందలి నగరములన్నియు ఆ పొగను పీల్చినవి. మన దేశమున 2000 ఫిబ్రవరిలో అట్టి పెట్రోలు నిలిచినది. అందరికంటె కడపట, 2021లో, ఆల్జీరియా నిలిపినది. పొగ పోయినను మట్టిలో పడిన సీసము పోదు.

సంస్కృతమున సీసమునకు నాగమని పేరు. పేరిడినవారి యభిప్రాయమేమోగాని, తగిన పేరే. అది కాల్షియమను సున్నపు ధాతువువలె నటించి దేహమున చొచ్చి, ఎముకలలో దశాబ్దములు దాగియుండును. గర్భిణి యెముకలనుండి కరగి శిశువును చేరును. పసివారి ప్రేగులు పెద్దలకంటె నాలుగైదు రెట్లు దానిని గ్రహించును. నుదుటి వెనుకనుండు మెదడుభాగము కోపము నాపుకొనుటకు ఆధారము. అది యెదుగు దినములలో సీసము తగిలినచో ఆ శక్తి కుంటుపడును. బెత్తము పట్టిన చేతితో చెప్పుచున్నాను: ఈ లోపము బెత్తమునకు లొంగదు.

అమెరికాలోని సిన్సినాటి నగరమున 1979 మొదలు 1984 వరకు పుట్టిన సుమారు 250 మంది రక్తమును బాల్యమున పరీక్షించి, పెద్దలైన పిమ్మట పోలీసు దాఖలాలతో సరిచూచిరి. సీస మెక్కువగానున్నవారు దౌర్జన్య నేరములకై ఎక్కువగా నిర్బంధింపబడిరని 2008లో ప్రకటించిరి. అయినను న్యూజిలాండులోని డునెడినులో ఇట్టి పరిశోధనయే జరుగగా, 2018లో ఆ సంబంధము బలహీనమని తేలినది. అచ్చట కలవారును లేనివారును ఒకే పొగ పీల్చిరి. కావున దారిద్ర్యము చేసిన కీడెంత, సీసము చేసిన కీడెంత యని విడదీయుట సులభము కాదు. సీస మొక్కటియే హంతకుల పుట్టించునను వారిని నమ్మకుడు. దానికేమియు పాలు లేదను వారినిని నమ్మకుడు.

ఇక మన నగరపు మాట. ఉప్పలు బాటనున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు, నగరపు దక్షిణముననున్న కాటేదాను పారిశ్రామికవాడ మన్నును పరీక్షించి, అందు సీసము మితిమీరియున్నదని 2008లో వెల్లడించిరి. ఇంటి గోడల రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసముండరాదను నిబంధన 2017 నవంబరునుండియే అమలైనది. అంతకుముందు పూసిన రంగు నేటికిని పెచ్చులూడుచున్నది.

మీ కుమారుడు పాత బ్యాటరీలు పగులగొట్టుచోటగాని, సీసము కరగించుచోటగాని పనిచేయుచున్నాడేమో అడుగుడు. చేయుచున్నచో, స్నానమాడి బట్టలు మార్చిన పిదపనే బిడ్డనెత్తుకొనుమనుడు. ఆ బట్టలు వేరుగా ఉతుకుమనుడు. బిడ్డ రక్తమునందలి సీసమును పరీక్ష చేయించుమనుడు. ఊరికి వచ్చిన మనుమనికి పాలు, రాగిజావ, ఆకుకూరలు పెట్టుడు: సున్నపు ధాతువును ఇనుమును చాలినంత యున్న కడుపు సీసమును తక్కువగా గ్రహించును.