గృహపరీక్షకుల బాధ్యతా బీమా – దావా గడువులు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మాకు ముందు మాటలాడిన పెద్దలు విద్యను గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు ప్రసంగించిరి. మేము ఇంటిగోడల బీటలను గూర్చి చెప్పబూనితిమి. మనవారు పెక్కురు అమెరికాలో స్థిరపడి, ముప్పదియేండ్ల యప్పుపై యిండ్లు కొనుచున్నారు. వారికై ఇచ్చట పొలమమ్మి సొమ్ము పంపిన తల్లిదండ్రులును ఈ సభలో లేకపోరు. మనవారిలో కొందరు గృహపరీక్షకవృత్తి నవలంబింపదలచుచున్నారు. ఇరుపక్షములవారికిని ఈ విషయము కావలసినదే.

ఆ దేశమున ఇల్లు కొనువారు బేరము ముగియకముందే గృహపరీక్షకుని, అనగా హోం ఇన్‌స్పెక్టరును, పిలిపింతురు. అతడు కొలదిగంటలలో పైకప్పు, పునాది, నీటిగొట్టములు, విద్యుత్తీగెలు చూచి నివేదిక వ్రాసియిచ్చును. కంటికి కనబడువానినే చూచును గాని గోడ పగులగొట్టి చూడడు. అతడు పుచ్చుకొను రుసుము కొన్ని వందల డాలర్లు. అతని కన్నుగప్పిన పునాదిలోపమును సరిచేయుటకు వేలకువేలు కావలెను. ఈ యంతరమును పూడ్చునదే బాధ్యతా బీమా. న్యూజెర్సీలో లైసెన్సుగల పరీక్షకునికి ఒక్కొక్క ఘటనకు 5,00,000 డాలర్లకు తక్కువగాని బీమా ఉండవలెనని చట్టము. టెక్సాసులో 1,00,000 డాలర్లు. కాలిఫోర్నియాలోనన్ననో పరీక్షకునికి లైసెన్సే నిర్బంధము కాదు. అచ్చట కొనువారే అడిగి తెలిసికొనవలెను.

బీమా ఉన్నదని విన్నంతనే నిశ్చింతగా నుండరాదు. ఈ వృత్తిలో సాధారణముగా నుండు పాలిసీ "క్లెయిమ్స్ మేడ్" పద్ధతిది. పరీక్ష చేసిననాటి పాలిసీ కాదు, క్లెయిము వచ్చిననాటి పాలిసీయే లెక్కకు వచ్చును. ఒకడు 2022లో ఇల్లు పరీక్షించి, 2024లో వృత్తి మాని ప్రీమియము నిలిపివేసెననుకొందము. 2025లో లోపము బయటపడి నోటీసు వచ్చినచో అతని పక్షమున పలుకు కంపెనీ యుండదు. సొంత ఆస్తికే ముప్పు. కొనినవానికిని చేతికందు సొమ్ము సందేహమే. ఇందులకై వృత్తి మానువారు అదనపు రుసుము చెల్లించి, క్లెయిములు తెలుపుకొను గడువును పొడిగించుకొందురు. దీనిని వారు టెయిలు, అనగా తోక, అందురు. పేరు నవ్వు పుట్టించును గాని అది లేనివాని గతి నవ్వదగినది కాదు. కంపెనీని మార్చువారు క్రొత్త పాలిసీలో "వెనుకటి తేది" ఏదియో చూచుకొనవలెను; ఆ తేదికి ముందు చేసిన పనికి రక్షణ లేదు.

ఇక చట్టపు గడువులు. దావాకు కాలదోషము పట్టు కాలము రాష్ట్రమునకొక తీరు. పెన్సిల్వేనియాలో నివేదిక యందిననాటినుండి ఒక్క సంవత్సరమే. కాలిఫోర్నియాలో పరీక్షదినమునుండి నాలుగేండ్లకు మించరాదు. అచ్చట ఒక పరీక్షకుడు పరీక్షదినమునుండి ఏడాదిలోపలనే దావా వేయవలెనని ఒడంబడికలో వ్రాయించుకొనెను. లోపము బయటపడకముందే హక్కు హరించునట్టి ఆ షరతు చెల్లదని, లోపము తెలిసిన లేక తెలియదగిన నాటినుండియే కాలము లెక్కింపవలెనని 2003లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. రుసుమును తిరిగి యిచ్చుటతో బాధ్యత తీరునను షరతుకూడ ఆ రాష్ట్రమున చెల్లదు. ఇతర రాష్ట్రములలోనిది వేరు. సంతకమునకు ముందు ఒడంబడికను చదువుకొనవలెను. మనవారు ఈ కాగితములను చదువక సంతకము చేయుట మాకు మిక్కిలి కష్టముగా నున్నది.

లోపము కనబడిన వెంటనే ఛాయాచిత్రములు తీసి, వ్రాతపూర్వకముగా పరీక్షకునికి తెలుపుడు. అత్యవసరమైననే తప్ప అతడు చూడకముందు బాగుచేయింపకుడు. పరీక్షకవృత్తిలోని వారికి వేరొకమాట: దావా రాలేదని ఊరకుండక, ఫిర్యాదు ఉత్తరము వచ్చిననాడే కంపెనీకి తెలుపుడు. కంపెనీ నడుగక డబ్బిచ్చెదమని మాటయిచ్చినచో ఆ మాట పాలిసీకే చేటు తేవచ్చును.

మన దేశమున 2016వ సంవత్సరపు రియల్ ఎస్టేటు చట్టము క్రింద కట్టడపు లోపమును స్వాధీనదినమునుండి 5 ఏండ్లలోపల తెలిపినచో, ఇల్లు కట్టి యమ్మినవాడు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను, చేయనిచో నష్టపరిహారము. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇండ్లు కొనినవారు స్వాధీనపత్రమును క్రయపత్రముతోపాటు దాచుకొనుడు. గడువు ఆ తేదినుండియే లెక్క.