పిల్లి కంట నీరు

పాలు మరుగు వేళకు వంటయింటి గడపలో ముందుగా వచ్చి కూర్చుండునది మా బూది. బూడిదవన్నె పిల్లి గనుక దానికా పేరు పెట్టితిమి. కార్తికమాసమున ఒకనాటి ఉదయము అది రాలేదు. వెదకగా బియ్యపు డబ్బా వెనుక ముడుచుకొని యుండెను. ఎడమకన్ను సగము మూతపడినది. ముక్కు ప్రక్కన తడిచార, కంటికొలికిలో పుసి. కుడికన్ను మాత్రము ఎప్పటివలెనే యుండెను.

ఇంటిలో తలకొక వైద్యము చెప్పిరి. “చనుబాలు రెండు చుక్కలు పిండించండర్రా, చలవ చేస్తుంది” అన్నది నాయనమ్మ. పొరుగువారు నందివర్ధనపు పూలు కోసి తెచ్చిరి. మేము చదువుకొన్నవారము గదా! ఆ రెండును కాదని, మునుపు మాలో ఒకరికి కన్ను ఎఱ్ఱబడినప్పుడు కొని తెచ్చిన చుక్కల మందు బీరువాలో మిగిలియుండగా, దానిని తీసి రెండు దినములు వేసితిమి. పిల్లి కన్నును కన్నే గదా యనుకొంటిమి. మూడవనాటికి ఆ కంటిపై పలుచని పాలవంటి మసక క్రమ్మెను. వెలుతురునకు ఓర్వలేక అది గోడవైపు తిరిగి కూర్చుండెను. అప్పుడు భయము పుట్టి పశువుల ఆసుపత్రికి కొనిపోతిమి.

వైద్యులు నారింజవన్నె రంగు పట్టించిన చిన్న కాగితపు పీలికను తడిపి కంటికి తాకించిరి. గది చీకటి చేసి నీలికాంతి ప్రసరింపజేయగా, నల్లగ్రుడ్డుపై ఆకుపచ్చని గీత ఒకటి మెరసెను. ఆ రంగు పేరు ఫ్లోరసీన్. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో దానిని తయారుచేసెను. కంటి ముందుభాగమున అద్దమువంటి పొర యుండును. దానినే కార్నియా యందురు. ఆ పొర చెక్కుచెదరకున్నచో రంగు అంటదు. గీరుకొన్నచోట మాత్రము నిలిచి మెరయును. ఏ గండుపిల్లితోనో జరిగిన పోట్లాటలో గోరు తగిలియుండునని వైద్యులు చెప్పిరి. మేము వేసిన మందుసీసాను చూపితిమి. వారు దానిపై వ్రాత చదివి, “ఇందులో స్టిరాయిడ్ ఉన్నదండీ. ఎఱ్ఱదనము తగ్గిస్తుంది గాని, పుండును మాననివ్వదు. ఇంకొక నాలుగు రోజులు వేసి ఉంటే కన్నే పోయేదేమో” అనిరి. మేము తల వంచుకొంటిమి. నాయనమ్మ చెప్పిన వైద్యముకంటె మా చదువు చేసిన వైద్యమే ఎక్కువ అపకారము చేసినది.

పిల్లి కంట నీరు కారుటకు కారణము ఒక్కటి కాదు. పిల్లులకు సోకు హెర్పిస్ వైరస్ వలన తుమ్ములతోపాటు కంటనీరును కారును. అది ఒకసారి సోకినచో సాధారణముగా జీవితాంతము దేహమున దాగియుండి, ఇల్లు మారుట, క్రొత్తపిల్లి వచ్చుట వంటి కలత కలిగినప్పుడు మరల తలయెత్తును. ఈ వైరస్ మనుష్యులకు సోకదు. క్లామిడియా అను సూక్ష్మజీవి రెప్పల లోపలిభాగమును వాపజేయును. కంటిలో గడ్డివిత్తు పడవచ్చును. రెప్ప అంచు లోపలికి ముడుచుకొని వెంట్రుకలు గ్రుడ్డును ఒరయవచ్చును. చప్పిడి ముఖముగల పర్షియన్ పిల్లులకు కన్నీరు సరిగా లోనికి దిగక చెంపపైకి జారుచుండును. ఇన్నిటికిని పైకి కనబడు లక్షణము ఒక్కటే. మందులు మాత్రము వేఱు. ఒకదానికి మేలుచేయు మందు మఱియొకదానికి కీడు చేయును. కనుక కారణము తెలియక మందు వేయరాదు.

మఱి ఇంటిలో చేయదగిన దేమి? కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన దూదిని ముంచి పిండి, ముక్కువైపు కొలికినుండి వెలుపలికి మెల్లగా తుడువవలెను. ఒక తుడుపునకు ఒక దూది. ఒక కంటికి వాడినది రెండవ కంటికి వాడరాదు. ఎండిన పుసిని గిల్లక, తడిదూదిని కొంతసేపు ఆనించి నానబెట్టవలెను. ఇంటిలో వేఱు పిల్లులున్నచో దీనిని విడిగా నుంచి, గిన్నెలు వేఱుచేసి, తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. నొప్పికని మనము మ్రింగు పారాసిటమాల్ బిళ్లను పిల్లికి ఎన్నడును పెట్టరాదు. చిన్న ముక్కయైనను దాని ప్రాణము తీయగలదు.

కన్ను పూర్తిగా మూసికొన్నను, మసక క్రమ్మినను, పుసి చీమువలె పచ్చబడినను, రెండు కంటిపాపలు సమముగా లేకున్నను, దెబ్బ తగిలినట్లు తోచినను, తిండి మానినను ఆనాడే వైద్యునికి చూపవలెను. రేపని వాయిదా వేయరాదు.

వైద్యులు ఇచ్చిన మందు వేయుటయు ఒక నేర్పే. మొదట బూది మా చేతులను రక్కినది. తరువాత తెలిసికొంటిమి: తువాలులో తల మాత్రము బయట నుండునట్లు చుట్టి, ఒకరు ఒడిలో పట్టుకొనగా, మఱియొకరు ఎదురుగా రాక వెనుకనుండి చేయి చాచి, సీసామూతి కంటికి తగులకుండ చుక్క వేయవలెను. రెండు మందులున్నచో నడుమ అయిదు నిమిషములు ఆగవలెను. పంజాతో రుద్దుకొనకుండ మెడకు అట్టతో గరాటువంటి పట్టీ కట్టితిమి. దానితో అది రెండు దినములు గోడలకు గ్రుద్దుకొనుచు మమ్ము నవ్వించినది, ఏడిపించినది. కన్ను తెరచినది గదా యని నడుమ మందు మానక, వైద్యులు చెప్పినన్నాళ్లు వేసి, మరల రంగువేయించి చూపించితిమి. ఈసారి గీత మెరయలేదు.

పిల్లిపిల్లలకు ఆరు ఎనిమిది వారముల వయస్సునుండి వేయించు టీకాలు హెర్పిస్, కాలిసీ వైరస్‌ల ఉధృతిని తగ్గించును. అవి వ్యాధిని పూర్తిగా రానీయవని చెప్పలేముగాని, వచ్చినను తేలికగా పోవుటకు తోడ్పడును. ఇవి పశువైద్యుల నడిగి వేయించవలెను.

బూది ఎడమకంట నేటికిని ఆవగింజంత తెల్లని మచ్చ యున్నది. చూపునకు లోపము లేదు. పాలు మరుగు వేళకు మరల గడపలో కూర్చుండుచున్నది. అది తలయెత్తి చూచినప్పుడెల్ల ఆ మచ్చయే ముందుగా మా కంట బడును. నోరులేని జీవికి నొప్పి చెప్పుకొను భాష లేదు. ఒక కన్ను మూసికొని చీకటిలో కూర్చుండుటయే దాని మాట. ఆ మాట విన్ననాడు బీరువా తెరువక, వైద్యుని యింటి త్రోవ పట్టవలెనని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. మీరు ముందుగానే నేర్చుకొందురు గాక!